గోలు వేయని కోచ్

కుళ్ళాయప్ప తన జన్మలో ఒక్క గోలు కూడా వేయలేదన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చేసరికి ఆయనకు నలభై ఆరేళ్ళు నిండాయి.

అప్పటికి చాలా ఏళ్ళుగా ఆయన గుంతకల్లులో బాలికల జూనియర్ హాకీ కోచ్. ఆయన దగ్గర ఆడిన పిల్లలు పోలీసు జట్టులో చేరారు, రైల్వేలో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఒకమ్మాయి తహసీల్దారు ఆఫీసులో కూర్చుని ఇప్పటికీ ఫైళ్ళను బంతిని నెట్టినట్టే ముందుకు నెడుతుంది. ఇంతకాలంలో ఒక్కరు కూడా ఆయన్ను "మీరెన్ని గోల్స్ వేశారు సార్?" అని అడగలేదు. అడగాలని రాష్ట్ర క్రీడోత్తేజ సంస్థకు మొదటిసారి తోచింది.

తోచడానికి కారణం ఆ సంస్థ ఉప సంచాలకులు సర్వోత్తమరావు గారు కొండమీది విశ్రాంతి గృహంలో జరిగిన 'ఫలితాధారిత పాలన' తరగతులకు వెళ్ళి రావడమే. వెళ్ళేటప్పుడు మామూలు అధికారి. వచ్చేటప్పుడు లెక్కల మనిషి. లెక్కకు అందనిది ఏదైనా అసలు లేనట్టేనని అక్కడ ఎవరో ఆయనకు చెప్పారు. వచ్చిన మర్నాడు ఆఫీసు ముందున్న క్రోటన్ మొక్కల ఆకులు లెక్కపెట్టించారు. ఆకులు రాలి లెక్క మాటిమాటికీ మారుతుండడంతో, రాలని వస్తువేదైనా ఉంటే బాగుండునని ఆలోచించి కోచ్‌ల మీద పడ్డారు.

ఉత్తర్వు వచ్చింది. తెలుగులోకి మార్చిన గుమస్తా శ్రద్ధగా మార్చాడు: "ప్రతి శిక్షకుడును తన క్రీడా నేపథ్యమును, వృత్తి ప్రస్థానమును తెలుపుచు, క్రీడాజీవితమున తాను వేసిన గోళ్ళ సంఖ్యను వెంటనే నివేదించవలెను."

కుళ్ళాయప్ప దాన్ని ఇంట్లో పైకి చదివాడు. భార్య ఈశ్వరమ్మ జొన్నరొట్టె తడుతూ వింది.

"గోళ్ళా? ఇరవై అని రాయి. అందరికీ అంతే గదా."

"నాకు పందొమ్మిదేమే. ఎడమకాలి బొటనేలి గోరు జలంధర్‌లో పోయింది గదా."

"పోతే మల్లా మొల్సల్యా?"

"ల్యా."

"అట్లయితే పందొమ్మిదే రాయి. గవర్మెంటుతో అబద్ధం యాల?"

కుళ్ళాయప్ప నవ్వలేదు. అడిగింది గోళ్ళు కాదు, గోల్స్ అని ఆయనకు తెలుసు. కాగితం మీద నిదానంగా సున్న చుట్టాడు. బాగా గుండ్రంగా వచ్చింది.

నిజానికి ఆ సున్న వెనక పెద్ద ఆటే ఉంది. తండ్రి లోకోషెడ్డులో ఫిట్టరు. రైల్వే క్వార్టర్ల వెనక ఎర్రమట్టి మైదానంలో పిల్లలు హాకీ ఆడుతుంటే బొద్దుగా ఉన్న కుళ్ళాయప్పను పరుగెత్తలేడని రెండు ఇటుకల మధ్య నిలబెట్టారు. అక్కడ ఆయనకు హాయిగా అనిపించింది. మిగతావాళ్ళంతా ఆట వెంబడి పరుగెత్తి ఆయాసపడుతుంటే, తన దగ్గరికి ఆటే వచ్చేది. పద్దెనిమిదో ఏట రైల్వే వాళ్ళు తీసుకున్నారు. పన్నెండేళ్ళు వాళ్ళకు గోల్‌కీపర్‌గా ఆడాడు. జలంధర్ ఫైనల్లో ఆఖరి నిమిషం పెనాల్టీ కార్నరును కాలితో ఆపి గోరు పోగొట్టుకుని కప్పు తెచ్చాడు. వేరే ఊళ్ళలో రెండు ముందు పళ్ళు, ఒక కాలర్ బోన్ ఇచ్చి వచ్చాడు. మోకాలు మొరాయించాక కోచింగ్ డిప్లొమా చేసి, కోరి సొంత ఊరికే వచ్చాడు. గుంతకల్లు పిల్లలు తన దగ్గర ఏం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, బంతికి భయపడకుండా ఉండడం నేర్చుకుంటే చాలనుకున్నాడు.

సున్న అందిన వెంటనే సంస్థ ఆయన్ను విచారణకు పిలిచింది. బల్లకు అవతల సర్వోత్తమరావు గారు, ఒక పక్క లెక్కల అధికారి, ఇంకో పక్క విషయ నిపుణుడు. హాకీ వాళ్ళు ఎవరూ దొరకలేదని విషయ నిపుణుణ్ణి చదరంగం సంఘం నుంచి రప్పించారు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి కళ్ళు మూసుకుని ఏదో ఎత్తు ఆలోచిస్తున్నాడు.

"మీ క్రీడా నేపథ్యాన్ని సంక్షిప్తంగా, సమగ్రంగా విశదీకరించండి" అన్నారు సర్వోత్తమరావు గారు.

"గోల్‌కీపర్ సార్. రైల్వేకి పన్నెండేండ్లు ఆడినా."

"వేసిన గోల్స్?"

"సున్న సార్."

"అది ఏ సంవత్సరానికి?"

"మొత్తానికి సార్."

సర్వోత్తమరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కుళ్ళాయప్ప అలాగే కనిపించాడు.

"అంటే పన్నెండేళ్ళ పాటు ప్రజాధనంతో మైదానంలోకి దిగడం, ఏ ఫలితమూ సాధించకుండా బయటికి రావడం. ఇదేనా మీ ప్రస్థానం?"

"నా పని ఏసేది కాదు సార్. ఆపేది."

"దేన్ని?"

"గోల్స్‌ని సార్."

లెక్కల అధికారి అప్పటిదాకా వంచిన తల ఎత్తాడు. "గోల్స్ ఉత్పత్తి కాకుండా ఆపేవారా?"

"అవతలోళ్ళవి సార్."

"గోలు ఎవరిదైనా గోలే. సంస్థ లక్ష్యాల్లో స్వపర భేదం పాటించలేదు" అన్నారు సర్వోత్తమరావు గారు. "పోనీ, ఎన్ని ఆపారు?"

"శానా ఆపినా సార్. లెక్కబెట్టుకోల్యా."

"రుజువు?"

"రుజువంటే... ఆ గోల్స్ పడల్యా గదా సార్."

"సరిగ్గా అక్కడే మీ వాదన కూలిపోతోంది. పడితేనే అది గోలు. పడలేదు కనుక అది గోలు కాదు. గోలు కానిదాన్ని ఆపానంటున్నారు. జరగని పనిని జరిగినట్టు ధ్రువీకరించడం ఏ అధికారికి సాధ్యం?" అని, కాగితం తిప్పి, "మీరు ఆపలేకపోయినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"ఉండాయి సార్. అవి రైల్వే వాళ్ళు రాసిపెట్టుకునింటారు."

"అదీ రుజువంటే" అని లెక్కల అధికారి సంతోషంగా ఎర్రసిరా కలం తీశాడు.

విషయ నిపుణుడు కళ్ళు తెరిచి, "రాజు కూడా కోట కట్టుకుని వెనకే ఉంటాడండీ" అన్నాడు. అది ఎవరి పక్షమో తెలియక దాన్ని మినిట్స్‌లో రాయలేదు.

అయినా సంస్థ నిర్దయమైనది కాదు. కుళ్ళాయప్ప కేసును సానుభూతితో పరిశీలించి ఒక అవకాశం ఇచ్చింది. కమిటీ సమక్షంలో ఆయన పది గోల్స్ వేసి చూపిస్తే నేపథ్యం ఉన్నట్టుగా భావిస్తారు. ఎన్ని బంతులైనా కొట్టుకోవచ్చు. ఎండ నెత్తి మీదికి వచ్చేలోపు పది పడాలి.

ఆ పరీక్ష గుంతకల్లు మైదానంలోనే పెట్టారు. గోల్‌లో నిలబడవలసింది ఆయన జట్టు గోల్‌కీపర్ రిజ్వానా. పదహారేళ్ళ పిల్ల. తండ్రికి స్టేషను బయట పంక్చర్ల అంగడి. పొడుగు చేతులు, తక్కువ మాటలు. కుళ్ళాయప్ప మూడేళ్ళ నుంచి ఆ పిల్లకు తనకు తెలిసిందంతా ధారపోశాడు. అంతకు ముందు ఎప్పుడూ దానివల్ల నష్టం ఉంటుందని ఆయనకు తట్టలేదు.

కమిటీ షామియానా కింద కూర్చుంది. జట్టు కెప్టెన్ అంజినమ్మ రిజ్వానా చెవిలో ఏదో చెప్పింది. రిజ్వానా హెల్మెట్ చంకలో పెట్టుకుని కోచ్ దగ్గరికి వచ్చింది.

"సార్, అంజీ చెప్పింది. ఉద్యోగం మాటంట గదా. ఇడిచిపెట్టేదా?"

కుళ్ళాయప్ప తల తిప్పాడు. షామియానా వంక చూశాడు. ఇంట్లో ఈశ్వరమ్మ పొద్దున దేవుని పటానికి కొట్టిన టెంకాయ గుర్తొచ్చింది. అవునని తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. తల ఊపడానికి మెడ కదిలింది కూడా. అప్పుడు ఆ పిల్ల కాళ్ళకు కట్టుకున్న ప్యాడ్ల మీద పడింది ఆయన చూపు. ఒక పట్టీ వదులుగా ఉంది. వంగి బిగించాడు.

"పాపా, ఒక్కటి ఇడిచినావంటే రేపట్నించి గ్రౌండు తట్టు రాగాకు" అన్నాడు.

మొదటి బంతి కుడి మూలకు కొట్టాడు. రిజ్వానా కాలితో ఆపింది. రెండోది ఎత్తుగా లేపాడు. చేత్తో పక్కకు నెట్టింది. ఆరు మీటర్ల దూరం నుంచి, ఎవరూ అడ్డం రాని చోట, ఏ బడిపిల్లయినా సగం గోల్స్ వేస్తుంది. కుళ్ళాయప్ప ఉద్యోగం కోసం బలమంతా పెట్టి కొట్టాడు. ఆ పిల్ల ఆయన నేర్పిందంతా పెట్టి ఆపింది. కాసేపటికి ఆయన కమిటీ సంగతి మరిచిపోయాడు. "ఎడమ భుజం దించు! బంతిని చూడు, నా కండ్లు కాదు!" అని అరవడం మొదలుపెట్టాడు. ఆమె భుజం దించింది. తరువాత ఆ పక్కన కూడా దారి మూసుకుపోయింది.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి పడినవి రెండు. అందులో ఒకటి రిజ్వానా కంట్లో చెమట పడినప్పుడు పోయింది. కుళ్ళాయప్ప రొప్పుతూ కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో వెలుగు చూసినవాళ్ళెవరూ ఆ మనిషి ఉద్యోగం పోగొట్టుకుంటున్నాడని అనుకోరు.

సర్వోత్తమరావు గారు మాత్రం తీవ్రంగా కలత చెందారు. కుళ్ళాయప్ప మీద కాదు.

"ఒక మధ్యవయస్కుడు గోలు సాధించాలని పొద్దుటి నుంచి పరితపిస్తున్నాడు. ప్రభుత్వ ఖర్చుతో కాళ్ళకు మెత్తలు కట్టుకున్న ఇంకొకరు ఆ సాధనకు అడుగడుగునా అడ్డుపడుతున్నారు. ఇది నేను కళ్ళారా చూశాను" అని ఆయన కమిటీతో అన్నారు. "రోగం ఎక్కడుందో ఇవాళ దొరికింది."

ఉత్తర్వులు రెండు వచ్చాయి. మొదటిదాని ప్రకారం రాష్ట్రంలోని అన్ని జూనియర్ హాకీ జట్లలోనూ గోల్‌కీపర్ స్థానం రద్దయింది. గోల్‌కీపర్ లేకుండా దిగడానికి ఆట నిబంధనలే ఒప్పుకుంటాయని అందులో ఉదహరించారు. అది నిజమే. ఓడిపోతున్న జట్లు ఆఖరి నిమిషాల్లో తెగించి చేసే పని అది. ఆ తెగింపును సంస్థ మొదటి నిమిషానికి జరిపింది.

రెండోది కుళ్ళాయప్ప గురించి. "అడ్డుకొనుటయందు పన్నెండు సంవత్సరముల అనుభవముగల ఈ ఉద్యోగిని, ఆ అనుభవము వృథా కాకుండ, క్రీడామైదానపు ప్రధాన ద్వారము వద్ద గేటు కాపలాదారుగ నియమించడమైనది."

కోచ్ పదవిని ఇన్‌చార్జిగా సర్వోత్తమరావు గారే తీసుకున్నారు. ఆయనకు క్రీడా నేపథ్యం ఘనంగా ఉంది. ఆ మధ్య జరిగిన అధికారులు - కాంట్రాక్టర్ల స్నేహపూర్వక మ్యాచిలో ఆయన తొమ్మిది గోల్స్ వేశారు. కాంట్రాక్టర్ల గోల్‌కీపర్ స్టేడియం పైకప్పు టెండరు కోసం తిరుగుతున్నవాడు. బంతి వచ్చినప్పుడల్లా పక్కకు జరిగి నమస్కారం పెట్టాడు.

గోల్స్ పొంగిపొర్లాయి. ముప్పై నాలుగు ఇరవై తొమ్మిది, నలభై ముప్పై ఏడు. ఇవి హాకీ మ్యాచిల స్కోర్లు. మైదానం బయట 'నేటి గోల్స్' అని పెద్ద బోర్డు పెట్టించారు. సర్వోత్తమరావు గారు కారు దిగి దాన్ని కాసేపు చూసి గానీ లోపలికి వచ్చేవారు కాదు. ఈ విజయం చూసి సంస్థ మిగతా ఆటల్లోనూ అవరోధాలు తొలగించింది. కబడ్డీలో పట్టుకోవడం మానిపించారు. క్రికెట్‌లో వికెట్లు పీకేశారు. అడ్డంకుల పరుగుపందెం నుంచి అడ్డంకులు ఎత్తేశారు. రికార్డులన్నీ ఒక్క వారంలో బద్దలయ్యాయి.

అంజినమ్మ ఒకరోజు ఆట అయ్యాక గేటు దగ్గర కూలబడింది. "ఏమీ బాగల్యా సార్. కొట్టిందల్లా పోతాంది. నిన్న పదకొండు ఏసినా. ఎట్ల ఏసినానో ఒక్కటీ గ్యాపకం ల్యా."

"ఇంటికి పో పాపా, అన్నం తిని పండుకో" అన్నాడు కుళ్ళాయప్ప.  ఖాకీ చొక్కా ఆయనకు భుజాల దగ్గర బిగుతుగా ఉంది. మొదటి నెలంతా పాత శిష్యులు ఎదురుపడితే సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకునేవాడు.

ఇక రిజ్వానా. పదవి రద్దయిన పిల్ల నాలుగు రోజులు ఇంట్లో ఉంది. అయిదో రోజు పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. భుజాన ప్యాడ్ల మూట.

"వీటిని వాపస్ ఇయ్యల్లంట సార్. ఎవురికి ఇయ్యల్ల?"

కుళ్ళాయప్ప ఆమెను చూశాడు, మూటను చూశాడు, వెనక్కి తిరిగి గేటును చూశాడు. పన్నెండడుగుల వెడల్పు. రెండు పక్కలా స్తంభాలు. హాకీ గోలు కూడా సరిగ్గా అంతే ఉంటుంది. ఇన్నాళ్ళూ దాని ముందు నిలబడి ఆయన ఆ సంగతే గమనించలేదు.

"కట్టుకో" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున జనం రాకముందు గేటులో సాధన. రోడ్డు మీది నుంచి కుళ్ళాయప్ప కొట్టేవాడు, గేటు మధ్య రిజ్వానా ఆపేది. టీ బండి దగ్గరి వాళ్ళు గ్లాసులు పట్టుకుని చూసేవారు. ఒకనాడు సర్వోత్తమరావు గారి కారు పెందలాడే వచ్చింది. ఆయన అద్దం దించి, "ఏమిటిది?" అన్నారు.

కుళ్ళాయప్ప అటెన్షన్‌లో నిలబడ్డాడు. "గేటు కాపలా నేర్పిస్తాండా సార్. రేపు నేను సెలవు పెడితే ఇంగొకరు కావాల గదా."

"ద్వితీయ శ్రేణి మానవ వనరుల అభివృద్ధి!" అన్నారు సర్వోత్తమరావు గారు మెచ్చుకోలుగా. "ఈ ముందుచూపు మీకు కోచ్‌గా ఉన్నప్పుడు ఎందుకు లేకపోయిందో!" కారు లోపలికి పోయింది. దాన్ని మాత్రం రిజ్వానా ఆపలేదు.

వర్షాలు తగ్గుముఖం పట్టాక బళ్ళారి నుంచి బాలికల జట్టు ఆహ్వాన మ్యాచికి వచ్చింది. రాజధాని నుంచి సంస్థ సంచాలకులే ముఖ్య అతిథిగా వచ్చారు. పాసు లేనివాళ్ళెవరినీ లోపలికి వదలకూడదని కుళ్ళాయప్పకు లిఖితంగా చెప్పారు. రిజ్వానాకు పాసు లేదు. గేటు అవతల, కమ్మీల మధ్య నుంచి చూస్తూ నిలబడింది.

బళ్ళారి వాళ్ళకు ఈ సంస్కరణల సంగతి తెలియదు. వాళ్ళ గోల్‌కీపర్ ఎప్పటిలాగే గోల్‌లో నిలబడింది. అది చూసి మన పిల్లలు బిత్తరపోయారు. ఆరు నెలలుగా ఖాళీ గోల్‌లోకి కొట్టి కొట్టి, గురి చూడడమే మరిచిపోయారు. అవతలి వాళ్ళకు మాత్రం ఖాళీ గోలు కనిపించింది. సగం ఆట అయ్యేసరికి బళ్ళారి తొమ్మిది, గుంతకల్లు సున్న.

వేదిక మీద సర్వోత్తమరావు గారు ఉత్సాహంగా ఉన్నారు. "సార్, మన మైదానంలో ఒక్క సగం ఆటలోనే తొమ్మిది గోల్స్! ఈ వేగంతో పోతే పద్దెనిమిది దాటుతుంది" అని సంచాలకుల చెవిలో అన్నారు. సంచాలకులు చప్పట్లు కొట్టారు. మైదానంలో మాత్రం ఒక పిల్ల గడ్డి మీద కూర్చుని ఏడుస్తోంది.

అంజినమ్మ విరామంలో గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"సార్, రిజ్వానాను పంపిచ్చండి. బళ్ళారి మేడంను అడిగినా. 'మాగ్గూడా ఆడినట్టే ల్యా, దింపుకోండి' అనింది."

"పాసు ల్యా పాపా."

"సార్!"

కుళ్ళాయప్ప చేతిలో తాళం ఉంది. జేబులో ఆ ఉత్తర్వు ఉంది.  కమ్మీలకు అవతల రిజ్వానా మూట విప్పి ప్యాడ్లు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఉన్న ఈ గేటు పని కూడా పోతే ఇంట్లో ఏం చెప్పాలా అని ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచన పూర్తి కాకముందే చెయ్యి తాళం తీసేసింది.

"పో" అన్నాడు. "ఎడమ భుజం మర్సగాకు."

రెండో సగంలో బళ్ళారి వాళ్ళు కొట్టని కొట్టుడు లేదు. ఒక్కటీ పోలేదు. రిజ్వానా పడింది, లేచింది, కాలితో ఆపింది, ఛాతీతో ఆపింది, ఒకసారి హెల్మెట్‌తో కూడా ఆపింది. వెనక ఒక మనిషి ఉందన్న ధైర్యం వచ్చాక మన పిల్లలకు కాళ్ళు కదిలాయి. అంజినమ్మ మూడు వేసింది, ఇంకో అమ్మాయి ఒకటి. తొమ్మిది నాలుగుతో ఓడిపోయారు. ఓడినవాళ్ళను జనం భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంజినమ్మ గేటు దాకా వచ్చి, "మూడూ గ్యాపకం ఉండాయి సార్" అని చెప్పి పోయింది.

బళ్ళారి కోచ్ మేడం వేదిక దగ్గరికి వచ్చి సంచాలకులకు నమస్కరించి, కన్నడం కలిసిన తెలుగులో అంది. "సార్, ఆ గోల్‌కీపర్ హుడుగి చాలా చెన్నాగా ఆడింది. ఇంత మంచి కీపర్ను నేను ఈమధ్య చూడలేదు. ఎవరు నేర్పించారు?"

సంచాలకులు సర్వోత్తమరావు గారి వంక చూశారు. రద్దయిన పదవిలో, పాసు లేకుండా, ఒక మనిషి మైదానంలోకి వచ్చిందని చెప్పాలా, గొప్ప క్రీడాకారిణి తయారైందని చెప్పాలా అని సర్వోత్తమరావు గారు తికమకపడ్డారు. చివరికి తనకు తెలిసిన నిజం చెప్పారు.

"గేటు దగ్గర తయారైంది సార్."

"గేటు దగ్గరా?"

"అవున్సార్. మా గేటు కాపలాదారు తయారుచేశాడు. నేను స్వయంగా పర్యవేక్షించాను."

సంచాలకులు ఆలోచనలో పడ్డారు. "మనం ఇన్ని మైదానాలు కట్టాం, లోపల ఇంతమంది కోచ్‌లను పెట్టాం. ఇంతటి ఫలితం మాత్రం గేటు దగ్గర వచ్చింది" అన్నారు. ఆయన కూడా కొండమీది తరగతులకు వెళ్ళివచ్చినవారే.

వారం తిరక్కుండానే రాష్ట్రంలోని కోచ్‌లందరినీ గేట్లకు మార్చారు. ఈత కోచ్ కొలను గేటు దగ్గర, విలువిద్య కోచ్ వెనక గేటు దగ్గర. గేట్లు చాలని చోట ప్రహరీ పగలగొట్టి కొత్త గేట్లు పెట్టారు. లోపల పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడుకుంటున్నారు. కుళ్ళాయప్పకు 'ముఖ్య ద్వార శిక్షకుడు' అన్న హోదా ఇచ్చి, గేటు దగ్గర ఎలా నిలబడాలో మిగతావాళ్ళకు నేర్పమన్నారు. రెండు పతకాలు తెచ్చిన కుస్తీ కోచ్ ఒకాయన సాయంత్రం ఆయన దగ్గరికి వచ్చి, "ఏమన్నా, ఇట్ల నిలబడి నిలబడి సావల్సిందేనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కుళ్ళాయప్ప రొట్టె తుంచకుండా కూర్చున్నాడు.

"ఏమయ్యా, అట్ల సూస్తాండావు?" అంది ఈశ్వరమ్మ.

"ఇన్నాళ్ళూ వాళ్ళకు నా బాసలో చెప్తా వచ్చినానే. వాళ్ళ బాసలో చెప్పి సూస్తా" అన్నాడు.

మర్నాడు మైదానం పక్కనే ఉన్న సర్వోత్తమరావు గారి గదిలోకి వెళ్ళి సెల్యూట్ కొట్టాడు.

"సార్, ముఖ్య ద్వార శిక్షకుని హోదాలో ఒక లోపం తమ దృష్టికి తెస్తాండా. మైదానం లోపల ఇంగా రెండు గేట్లు ఉండాయి."

"లోపలా?"

"ఉత్తరం తట్టు ఒకటి, దచ్చిణం తట్టు ఒకటి. పన్నెండడుగుల వెడల్పు. తలుపుల్లేవు సార్. కాపలా ల్యా."

సర్వోత్తమరావు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "కాపలా లేదా? ఎప్పటి నుంచి?"

"గోల్‌కీపర్లను తీసేసినప్పట్నించి సార్. ఎవురి బంతి పడితే వాళ్ళది నేరుగా లోపలికి పోతాంది. అడిగేవాళ్ళు ల్యారు. పాసు ల్యా, ఏమీ ల్యా."

"ఎన్ని పోయి ఉంటాయి?"

"ఎన్ని పోయినాయో లెక్కంతా తమరి బోర్డు మీదే ఉండాది సార్."

సర్వోత్తమరావు గారి ముఖం పాలిపోయింది. కిటికీలోంచి బోర్డు కనిపిస్తోంది. రోజూ కారు దిగి తాను మురిసిపోయిన అంకెలు.

"అవన్నీ... అనధికార ప్రవేశాలా?" అన్నారు సన్నగా.

"నేనెట్ల చెప్పేది సార్. సంచాలకులు సూస్తే ఏమంటారో తమకే తెలుసు."

గంట మోగింది. బోర్డు అప్పటికప్పుడు దించేశారు. మధ్యాహ్నానికి ఉత్తర్వు తయారైంది. మైదానాల లోపలి గేట్లన్నిటికీ తక్షణమే ఒక్కొక్క అంతర్గత ద్వార రక్షకుని నియమించాలి. ఒంటికి దెబ్బ తగలకుండా కాళ్ళకు మెత్తలు, తలకు శిరస్త్రాణం సర్కారే ఇవ్వాలి. ఈ రక్షకులను పర్యవేక్షించడానికి ద్వార శిక్షకులు ఆట జరిగినంతసేపూ మైదానం లోపలే ఉండాలి. ఈ చివరి ముక్క కుళ్ళాయప్ప చెప్పి రాయించాడు. రాష్ట్రమంతటా కోచ్‌లు గేట్లు వదిలి ఎవరి మైదానంలోకి వాళ్ళు పరుగెత్తారు. కుస్తీ మైదానంలో గేటేమిటని ఎవరూ అడగలేదు.

చలికాలంలో గుంతకల్లు జట్టు మళ్ళీ బళ్ళారితో ఆడింది. ఆఖరి నిమిషాలు. గుంతకల్లు రెండు, బళ్ళారి ఒకటి. బళ్ళారికి పెనాల్టీ కార్నర్ వచ్చింది. ఖాకీ చొక్కాలోనే గీత పక్కన నిలబడిన కుళ్ళాయప్ప పిడికిలి బిగించాడు. బంతి వచ్చింది, ఆగింది, పిడుగులా లేచింది. ఛాతీ మీద 'అంతర్గత ద్వార రక్షకురాలు' అన్న బిళ్ళ పెట్టుకున్న రిజ్వానా ఎడమకు దూకి, చేత్తో దాన్ని స్తంభం అవతలికి తోసేసింది.

వేదిక మీద సర్వోత్తమరావు గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. పై కండువా జారి కింద పడింది.

"శభాష్!" అని గొంతు చించుకుని అరిచారు. "వదలొద్దు! ఒక్కటి కూడా లోపలికి వదలొద్దు!"

కుళ్ళాయప్ప ఆయన వంక చూశాడు. గోల్‌కీపర్‌కు చెప్పవలసింది అంతకన్నా ఏమీ లేదు. ఆయన కూడా మూడేళ్ళుగా ఆ పిల్లకు అదే చెబుతున్నాడు.